డాక్టరుకు చెప్పని ఆ ఒక్క మాట

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగింటినీ, ఒక కార్డునూ ఒకచోట చేర్చి జవాబు రాస్తున్నాను. పర్లాకిమిడి, రాయగడ, జయపురం, గుణుపురం నుంచి వచ్చిన ఈ ఉత్తరాలు రాసినవారికి ఒకరితో ఒకరికి పరిచయం లేదు, వయసులు కూడా వేరు. కాని అన్నిటిలోనూ ఉన్నది ఒకే జబ్బుల జంట, ఒకవైపు కుంగుబాటు, మరొకవైపు ఆగకుండా తినేసి కక్కేసుకునే బులీమియా. రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు తీసివేశాను.

ప్రశ్న: నా వయసు 24. మాది పర్లాకిమిడి. బరంపురంలో గది తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. ఏడాదిగా దేని మీదా మనసు నిలవడం లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి ఊరికే ఏడుపు వచ్చేది. నాలుగు నెలల క్రితం ఒక డాక్టరు గారికి చూపించుకుంటే డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాముల బిళ్ళ రాశారు. ఏడుపు తగ్గింది. కాని ఆయనకు నేను చెప్పనిది ఒకటుంది. వారానికి నాలుగైదు రాత్రులు, గదిలో తోటి అమ్మాయి నిద్రపోయాక, బిస్కట్లు, మరమరాలు, ఇంటి నుంచి వచ్చిన అరిసెలు, మిగిలిన అన్నం, ఏది చేతికి దొరికితే అది తినేసి, వెంటనే గొంతులో వేలు పెట్టుకుని కక్కేస్తాను. ఇది మూడేళ్ళుగా ఉంది. ఆకలి ఎలా ఉందని డాక్టరు గారు అడిగితే బాగానే ఉందన్నాను. చూడడానికి మామూలు బరువులోనే ఉంటాను కాబట్టి ఆయన ఇంకేమీ అడగలేదు. వరసకు అన్నయ్య అయ్యే ఒకరు మందుల షాపులో పనిచేస్తారు. బుప్రోపియాన్ అనే బిళ్ళ అయితే డిప్రెషనూ తగ్గుతుంది, ఒళ్ళూ రాదు, అది రాయించుకో అంటున్నారు. అడగమంటారా? వాంతుల సంగతి చెబితే ఇంట్లో తెలిసిపోతుందేమోనని కూడా భయంగా ఉంది.

జవాబు: అడగవద్దమ్మా. ఎవరైనా తెచ్చి ఇచ్చినా వేసుకోవద్దు. మీ అన్నయ్య గారు అబద్ధం చెప్పలేదు. బుప్రోపియాన్ కుంగుబాటుకు పనిచేసే మందే, దానితో బరువు పెరగకపోవడమూ నిజమే. అయితే మీరు కక్కుకుంటున్న సంగతి ఆయనకు తెలియదు. 1988లో అచ్చయిన ఒక పరిశోధనలో బులీమియా ఉన్న 55 మందికి ఈ మందు ఇస్తే వారిలో నలుగురికి ఒళ్ళంతా కొట్టుకునే పెద్ద మూర్ఛ వచ్చింది. మామూలు రోగులలో ఈ మందుతో ఫిట్స్ రావడం అరుదు కనుక, 55 మందిలో నలుగురు అన్నది చాలా పెద్ద లెక్క. అందుకే బులీమియా గాని, తిండి మానేసి చిక్కిపోయే అనొరెక్సియా గాని ఇప్పుడున్నవారికే కాదు, ఇదివరకు ఎప్పుడైనా ఉండి తగ్గినవారికి కూడా దీనిని ఇవ్వకూడదని మందుతో వచ్చే కాగితంలోనే హెచ్చరిక ఉంటుంది. మూర్ఛ రప్పించే గుణం ఈ మందుకు సహజంగానే కొంత ఉంది. పదేపదే కక్కడం వల్ల ఒంట్లో లవణాలు తారుమారైనవారికి ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మీ డాక్టరు గారు తమంతట తాము ఈ మందు రాసి ఉన్నా నేను ఆయనను తప్పు పట్టలేను. ఆకలి బాగానే ఉందని మీరు చెప్పిన మాట మీదే ఆయన చీటీ రాస్తారు కదా.

ఇప్పుడు మీరు వేసుకుంటున్న ఎస్సిటాలోప్రామ్ విషయానికి వస్తాను. అది చెడ్డ మందు కాదు, కుంగుబాటుకు మంచి మందే, మీ ఏడుపు తగ్గడమే అందుకు సాక్ష్యం. కాని దాని మోతాదు పెరిగే కొద్దీ గుండె ఒక కొట్టుకు, తరువాతి కొట్టుకు మధ్య తిరిగి సిద్ధమయ్యే విద్యుత్ వ్యవధి కొద్దిగా సాగుతుంది. ఈసీజీలో క్యూటీ అని కొలిచేది దానినే. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది పట్టించుకోవలసినంత కాదు. వాంతులతో పొటాషియం పడిపోయినవారికి కూడా అదే వ్యవధి సాగుతుంది. రెండూ ఒకే ఒంట్లో కలిస్తే గుండె లయ తప్పే అవకాశం ఉంది. ఎస్సిటాలోప్రామ్‌కు తోబుట్టువు లాంటి సిటాలోప్రామ్ విషయంలో ఈ కారణంగానే 2011లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటవద్దని హెచ్చరించింది. భయపడి రేపటి నుంచి బిళ్ళ మానేయమని నేను చెప్పడం లేదు. ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడడం వంటివి మొదలవుతాయి. ఈ వారంలోనే డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి పొటాషియం, సోడియం, మూత్రపిండాల రక్తపరీక్షలూ, ఒక ఈసీజీ తీయించుకోండి. గుండె దడదడలాడుతున్నా, కండరాలు పట్టేస్తున్నా, కళ్ళు తిరిగి పడిపోతున్నా వారం కూడా ఆగవద్దు.

మామూలు బరువులో ఉన్నాననే మీ మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ జబ్బు ఇన్నేళ్ళు దాగి ఉండగలగడానికి అసలు కారణం అదే. 1979లో లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ అనే మానసిక వైద్యుడు దీనికి బులీమియా నెర్వోసా అని పేరు పెట్టి మొదటిసారి వివరించినప్పుడు, చిక్కిపోయి కనిపించే అనొరెక్సియా రోగుల కన్నా వీరి బరువు ఎక్కువగా ఉంటుందని గమనించాడు. గొంతులో పెట్టే వేళ్ళ కణుపుల మీద పళ్ళు ఒరుసుకుని కాయలు కాయడాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. చెవుల కింద దవడ దగ్గర లాలాజల గ్రంథులు ఉబ్బి బుగ్గలు నిండుగా కనిపించడం మరొక గుర్తు. అది చూసి 'పిల్ల ఒళ్ళు చేసింది' అనే బంధువులు మన ఇళ్ళలో తప్పకుండా ఉంటారు, ఆ మాట విని ఆ రాత్రి మళ్ళీ కక్కుకునే పిల్లలూ ఉంటారు.

మీరు అడగకపోయినా, ఏ మందు మంచిదో చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. బులీమియాకు అమెరికా నియంత్రణ సంస్థ ఆమోదించిన కుంగుబాటు మందు ఒక్కటే, ఫ్లుఆక్సెటిన్. మన దగ్గర కూడా ఇది చవకగా, అన్నిచోట్లా దొరుకుతుంది. అయితే కుంగుబాటుకు సాధారణంగా సరిపోయే 20 మిల్లీగ్రాములు బులీమియాకు సరిపోవు. దానికి పరీక్షించి నిలబడిన మోతాదు రోజుకు 60. కుంగుబాటు లేని బులీమియా రోగులకు కూడా ఈ మందుతో ఆగకుండా తినడం, కక్కడం తగ్గుతాయి కాబట్టి, 'మనసు బాగుపడితే తిండి దానంతట అదే దారికి వస్తుంది' అనుకుని డిప్రెషన్ మోతాదు దగ్గరే ఆగిపోకూడదు. మీకు జరిగినది సరిగ్గా అదే: ఏడుపు తగ్గింది, రాత్రి తిండి తగ్గలేదు. రాత్రి కక్కుకున్నాక కలిగే సిగ్గు, తన మీద తనకు కలిగే అసహ్యం పొద్దున లేచేసరికి కుంగుబాటు అవుతాయి. ఆ కుంగుబాటు సాయంత్రానికి పస్తుగా మారుతుంది. ఆ పస్తు రాత్రికి ఆకలై మళ్ళీ తినేయిస్తుంది. కాబట్టి ముందు ఒకటి, తరువాత ఒకటి అని వరుస పెట్టకుండా రెండింటికీ ఒకేసారి వైద్యం చేయాలి. మందు మార్చాలా, మారిస్తే ఒకటి తగ్గిస్తూ మరొకటి ఎలా మొదలుపెట్టాలి అన్నది పరీక్షల ఫలితాలు చూసి డాక్టరు గారు నిర్ణయిస్తారు. ఇమిప్రమిన్ వంటి పాతకాలపు మందులు కూడా బులీమియాకు పనిచేస్తాయని తేలింది గాని, అవి గుండె మీద భారం వేస్తాయి, ఎక్కువ మింగితే ప్రాణాంతకం కూడా. అందుచేత కుంగుబాటు ఉన్న మనిషి చేతికి నేను వాటిని ముందుగా ఇవ్వను.

ఇక ఇంట్లో తెలుస్తుందనే భయం. మీకు 24 ఏళ్ళు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉండడం వంటి, చట్టమే చెప్పిన కొన్ని సందర్భాలలో తప్ప మీ అంగీకారం లేకుండా ఆయన ఎవరికీ చెప్పకూడదు. నోటితో చెప్పడానికి సిగ్గయితే, ఈ ఉత్తరంలో నాకు రాసిన ఆ నాలుగు వాక్యాలనే ఒక చీటీ మీద రాసి ఆయన బల్ల మీద పెట్టండి. నా దగ్గరకు అలా చీటీతో వచ్చినవారు చాలామందే ఉన్నారు, వారి ముందు నేను ఆ చీటీని పైకి చదవను.

ప్రశ్న: మాది రాయగడ. మా అమ్మాయికి 19 ఏళ్ళు, భువనేశ్వరంలో చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు పిల్ల సంచిలో ఫ్లుఆక్సెటిన్ బిళ్ళలు కనిపించాయి, రోజుకు 60 అని చీటీలో ఉంది. మా వీధి మందుల షాపు ఆయన 'ఇది మూడు మనుషుల మోతాదమ్మా' అన్నారు. అడిగితే పిల్ల ఏడ్చి, తిని కక్కుకునే జబ్బనీ డిప్రెషననీ చెప్పింది. మూడు వారాలయిందట మొదలుపెట్టి. ఇలాంటి మందులు అలవాటు పడిపోతే జీవితాంతం వాడాలంటారు. నేను 20కి తగ్గించి వేయిస్తే పరవాలేదా? మార్గశిరంలో నాతో పాటు లక్ష్మీవారాలు ఉపవాసం ఉంటానంటుంది, అది మంచిదేనా?

జవాబు: తగ్గించవద్దమ్మా. షాపు ఆయనకు తెలిసినది డిప్రెషన్ మోతాదు, ఆ లెక్కలో ఆయన మాట సరైనదే. బులీమియాకు మాత్రం ఈ 60 అన్నది ఏ డాక్టరూ తెగించి రాసినది కాదు. 1992లో 387 మంది స్త్రీలను మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు 60, ఒక గుంపుకు 20, మరొక గుంపుకు మందు లేని ఉత్తుత్తి బిళ్ళ ఎనిమిది వారాలు ఇచ్చి చూశారు. కక్కడం 60 మిల్లీగ్రాముల గుంపులో 56 శాతం తగ్గితే, 20 గుంపులో 29 శాతం, ఉత్తుత్తి బిళ్ళ గుంపులో 5 శాతం మాత్రమే తగ్గింది. ఆగకుండా తినడంలో వరుసగా 67, 45, 33 శాతం తగ్గుదల కనిపించింది. మీరు 20కి దించితే అమ్మాయికి మందు వేసుకుంటున్నామన్న తృప్తి మిగులుతుంది గాని, అందవలసిన ఫలితంలో సగం దాకా పోతుంది. ఇంకొక మాట, ఈ మందుకు స్పందించేవారిలో ఆ తేడా సాధారణంగా మొదటి మూడు వారాలలోనే కనబడడం మొదలవుతుంది కనుక, మీరు రాసిన సమయానికి అమ్మాయి డాక్టరు దగ్గరకు మళ్ళీ వెళ్ళి ఎంత తగ్గిందో చెప్పవలసిన వేళ కూడా అయింది.

ఇది మత్తుమందు కాదు, నిద్రమాత్ర వంటి అలవాటూ కాదు. దాని కోసం మనిషి అర్రులు చాచడు. అయితే కుదురుకున్నాక కూడా కొన్ని నెలల పాటు, తరచుగా ఏడాది దగ్గర దాకా కొనసాగించమంటారు, ఎందుకంటే తొందరపడి ఆపినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. ఆపేటప్పుడు కూడా డాక్టరు చెప్పిన లెక్కలోనే ఆపాలి. మొదట్లో వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, అందుకే పొద్దున పూట వేసుకోమంటారు.

మీరు కంగారు పడవలసినది మోతాదు గురించి కాదు, మరొక దాని గురించి. కుంగుబాటు మందులు మొదలుపెట్టిన తొలి వారాలలో, మోతాదు పెంచిన రోజులలో, చిన్న వయసు వారిలో కొద్దిమందికి చనిపోవాలన్న ఆలోచనలు ఎక్కువ కావచ్చునని 2004లో అమెరికాలో పిల్లల విషయంలో గట్టి హెచ్చరిక జారీ అయింది, 2007లో దానిని 24 ఏళ్ళ దాకా పొడిగించారు. మీ అమ్మాయికి 19. హఠాత్తుగా కుదురు లేకుండా తిరగడం, రాత్రంతా మేలుకోవడం, విపరీతమైన చిరాకు, 'నేను లేకపోతే మీకే నయం' లాంటి మాటలు, ఇవి కనిపిస్తే అదే రోజు డాక్టరుకు ఫోను చేయండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా' అని సూటిగా అడగడానికి వెనుకాడవద్దు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. బిళ్ళల పత్తాలను వారం వారం మీరే లెక్కపెట్టి ఇవ్వండి, కాని దానిని పోలీసు సోదాలా చేయకండి. సంచిలో వెతకడం ఈ ఒక్కసారికి చాలు.

లక్ష్మీవారాల ఉపవాసం ఈ ఏడాదికి వద్దు. మన ప్రాంతంలో తెలుగు ఇళ్ళలోనూ ఒడియా ఇళ్ళలోనూ మార్గశిర గురువారాలు ఎంత నిష్ఠతో జరుగుతాయో నాకు తెలుసు, ముగ్గులు, పూజ, నైవేద్యం అన్నీ అమ్మాయి చేత చేయించండి. పస్తు మాత్రం ఈ జబ్బుకు పెట్టుబడి లాంటిది. పగలంతా కడుపు మాడ్చుకున్న మనిషికి రాత్రి తినడం ఆపుకోవడం మామూలు వారికే కష్టం. పైగా ఉపవాసం పేరు పెట్టి భోజనం ఎగ్గొడితే ఇంట్లో ఎవరూ ప్రశ్నించరు, మెచ్చుకుంటారు కూడా. అమ్మాయి తనంతట తాను ఉపవాసం ఉంటానని అడగడం భక్తితోనే కావచ్చు, నేను కాదనను. ఆ లక్ష్మికి నైవేద్యం పెట్టిన పరమాన్నం ఆ పూటే మీతో కూర్చుని తినడం కూడా భక్తే.

ప్రశ్న: జయపురం నుంచి రాస్తున్నాను. నేను మగవాడిని, వయసు 31. ఇది ఆడపిల్లల జబ్బని చదివాను గాని నాకు ఆరేళ్ళుగా ఉంది. వాంతులు తక్కువ, విరేచనాల బిళ్ళలు మాత్రం రోజూ వేసుకుంటాను. రెండు నెలలుగా ఫ్లుఆక్సెటిన్ వాడుతున్నాను, కొంత నయం. విరేచనాల బిళ్ళలు మానేద్దామని చూస్తే నాలుగు రోజుల్లో మూడు కిలోలు పెరిగి కాళ్ళు ఉబ్బాయి, భయపడి మళ్ళీ మొదలుపెట్టాను. మా వైపు వానాకాలంలో మలేరియా మందులు వేసుకోవలసి వస్తుంది, కలిపి వేసుకోవచ్చా?

జవాబు: మగవారికీ వస్తుంది, వారు చెప్పుకోరు, డాక్టర్లమైన మేమూ అడగం, అంతే తేడా.

నాలుగు రోజుల్లో పెరిగిన ఆ మూడు కిలోలు కొవ్వు కాదు, నీరు. రోజూ విరేచనాలతో నీరు పోగొట్టుకున్న శరీరం ఉప్పునూ నీటినీ పట్టి ఉంచడం నేర్చుకుని ఉంటుంది. బిళ్ళ ఆపగానే ఆ పట్టు వెంటనే వదలదు, కాళ్ళు ఉబ్బుతాయి. చాలామందిలో ఒకటి రెండు వారాలలో, కొందరిలో మరికొంత ఆలస్యంగా, అది దానంతట అదే దిగుతుంది. ఈ ఒక్క సంగతి ముందుగా చెప్పేవారు లేక బిళ్ళలు మానలేకపోయినవారిని ఎందరినో చూశాను. అసలు ఆ బిళ్ళలు పెద్దపేగు మీద పనిచేస్తాయి, తిన్నదానిలోని శక్తి చాలా వరకు అప్పటికే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటుంది. అవి తీసుకుపోయేది ముఖ్యంగా నీటినీ పొటాషియాన్నీ. ఉబ్బు దింపడానికి మూత్రం ఎక్కువగా వచ్చే బిళ్ళ కొనుక్కుని వేసుకోవద్దు, అది కథను మళ్ళీ మొదటికి తెస్తుంది. డాక్టరుకు చెప్పి, పొటాషియం చూపించుకుంటూ మానండి.

మలేరియా మందు మానవద్దు. కోరాపుట్, మల్కన్‌గిరి వైపు జ్వరాన్ని తేలికగా తీసుకోకూడదని మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే క్లోరోక్విన్, ల్యూమెఫాంట్రిన్ వంటి మలేరియా మందులకు కూడా పైన చెప్పిన గుండె విద్యుత్ వ్యవధిని సాగదీసే గుణం ఉంది. విరేచనాలతో పొటాషియం తగ్గిన ఒంటికి, కుంగుబాటు మందుతో పాటు అవి తోడైతే జాగ్రత్త కావాలి. రక్తపరీక్ష చేసి బిళ్ళలు ఇచ్చే ఆశా కార్యకర్తకు గాని, ఆసుపత్రిలో డాక్టరుకు గాని ఫ్లుఆక్సెటిన్ వాడుతున్నాననీ, విరేచనాల బిళ్ళలు వేసుకుంటాననీ రెండూ చెప్పండి. మొదటిది చెప్పి రెండవది దాచేస్తే చెప్పనట్టే. ఒళ్ళునొప్పులకు ట్రమడాల్ ఉన్న బిళ్ళలు వద్దు, ఫ్లుఆక్సెటిన్‌తో కలిస్తే ఫిట్స్ రావచ్చు. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ వాడుకోండి.

ప్రశ్న: గుణుపురంలో ఉపాధ్యాయురాలిని. నా చెల్లెలికి ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. మందుతో పాటు మాటల వైద్యం కూడా కావాలని బరంపురం డాక్టరు గారు అన్నారు. మా ఊళ్ళో అలాంటి వారు లేరు, వారం వారం బరంపురం వెళ్ళడం కుదరదు. పైగా చెల్లెలు మనసులో మాట తెలుగులో తప్ప చెప్పలేదు. మందు ఒక్కటే సరిపోదా?

జవాబు: చాలామందికి సరిపోదు. మందుతో తగ్గడం ఎక్కువమందికి కనిపిస్తుంది గాని, మందు ఒక్కదానితోనే తినేయడం, కక్కడం పూర్తిగా ఆగిపోయేవారు సుమారు ఐదుగురిలో ఒకరు మాత్రమే. బులీమియాకు మందు ఒక్కదానినే వైద్యంగా ఇవ్వవద్దని 2017లో బ్రిటన్ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అనే మానసిక వైద్యుడు రూపొందించిన మాటల వైద్యం పద్ధతిలో సుమారు 20 వారాలలో 20 సార్లు రోగితో కూర్చుంటారు. మీరన్నట్టు గుణుపురంలో అది కుదిరే పని కాదు.

కాని అదే మార్గదర్శకాలు పెద్దవారికి మొదటి మెట్టుగా చెప్పినది ఇంకా తేలికైనది: రోగి ఒక పద్ధతి ప్రకారం తనకు తాను సాయం చేసుకోవడం, దానికి తోడుగా ఒక మనిషి 16 వారాలలో 4 నుంచి 9 సార్లు, సారికి ఒక 20 నిమిషాలు మాట్లాడడం. ఆ మాట్లాడే మనిషి ఫోనులో ఉన్నా పని జరుగుతుంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు 14416 అనే నంబరు మీద పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగును ఎంచుకునే వీలు కూడా ఉంది. ఒడిశా నుంచి చేస్తే ముందు ఒడియాలో పలకవచ్చు, తెలుగు కావాలని అడగండి. నెలకొకసారి డాక్టరు దగ్గరకు వెళ్ళడానికి బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, మీ ఊరి నుంచి విశాఖపట్నం వెళ్ళడమే సులువనిపిస్తే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడ భాష సమస్య కూడా ఉండదు.

ఇంట్లో మీరిద్దరూ చేయగలిగిన పని ఒకటి చెబుతాను, ఇది ఆ పద్ధతిలో మొదటి మెట్టే. చెల్లెలు ఒక నోటు పుస్తకంలో ఏ వేళకు ఏమి తిన్నది, ఎక్కడ కూర్చుని తిన్నది, కక్కుకున్నదా, అప్పుడు మనసులో ఏముంది అన్నది తెలుగులోనే, అప్పటికప్పుడే రాయాలి. రాత్రి కూర్చుని రోజంతటినీ గుర్తు చేసుకుని రాస్తే సిగ్గు సగం కొట్టేస్తుంది. రెండవది, మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకూడదు: పొద్దున ఇడ్లీయో ఉప్మావో, మధ్యాహ్నం అన్నంలో పప్పు గాని దాల్మా గాని, సాయంత్రం గుప్పెడు ముఢీ, రాత్రి రొట్టె, కూర, ఏదైనా సరే, ఆకలి ఉన్నా లేకపోయినా వేళకు తినాలి. రాత్రి తప్పు జరిగినా మరునాటి పొద్దుటి పలహారం మానకూడదు. ఈ చివరిదే అందరికీ అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది, కాని రాత్రి తినేయడాన్ని అన్నిటికన్నా ఎక్కువగా కోసేది కూడా ఇదే. బరువు వారానికి ఒక్కసారి మాత్రమే చూసుకోవాలి. మీరు పుస్తకం దిద్దకూడదు. ఉపాధ్యాయులకు ఎర్ర కలం పక్కన పెట్టడం కష్టమని తెలిసే చెబుతున్నాను.

కుంగుబాటు బాగా ఎక్కువగా ఉన్న రోజులలో పుస్తకం తెరవడానికే ఓపిక ఉండదు. మందు అసలు సాయం అక్కడే; మనిషిని మంచం మీద నుంచి లేపి ఆ పుస్తకం పట్టుకునే స్థితికి అది తెస్తుంది. అందువల్ల మందా, మాటలా అని ఒకదాన్ని ఎంచుకోవద్దు.

ఒక కార్డు మీద ఊరూ పేరూ లేకుండా రెండే ప్రశ్నలు వచ్చాయి: బిళ్ళ వేసుకున్నాక వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలా, వాంతి అయ్యాక పళ్ళు తోముకోవాలా?

రెండవ బిళ్ళ మీ అంతట మీరు వేసుకోవద్దు. ఫ్లుఆక్సెటిన్ ఒంట్లో నుంచి చాలా నెమ్మదిగా పోయే మందు, రోజూ వాడేవారిలో అది, దాని నుంచి ఒంట్లో తయారయ్యే మరొక పదార్థం కలిసి వారాల తరబడి నిలిచి ఉంటాయి, కాబట్టి ఒక్క పూట బిళ్ళ వాంతిలో పోయినంత మాత్రాన పెద్ద నష్టం లేదు. వేరే కుంగుబాటు మందులకు ఈ వెసులుబాటు ఇంతగా ఉండదు. పూట పూటా పోతుంటే మాత్రం మందు వాడినట్టే కాదు, డాక్టరు దానిని 'పనిచేయని మందు' అనుకుని మార్చేస్తారు. మీరు రోజులో ఏ వేళలో కక్కుకునే అవకాశం అన్నిటికన్నా తక్కువో చూసుకుని, చాలామందికి అది పొద్దుటి పలహారం వేళ, ఆ పూటకు బిళ్ళను మార్చుకోండి. గర్భం రాకుండా వాడే బిళ్ళల వంటివి వేసుకుంటున్నవారు కూడా ఇదే జాగ్రత్త తీసుకోవాలి, వాటి విషయంలో ఒక పూట పోయినా లెక్కే.

వాంతి అయిన వెంటనే పళ్ళు తోమవద్దు. కడుపులోని ఆమ్లంతో పంటి మీది ఎనామిల్ ఆ కాసేపు మెత్తబడి ఉంటుంది, బ్రష్షు దానిని గీకేస్తుంది. గ్లాసు నీళ్ళలో చిటికెడు వంటసోడా కలిపి పుక్కిలించి, కనీసం అరగంట ఆగి తోముకోండి. వాంతిలో నెత్తురు కనిపిస్తే తోమడమూ ఆగడమూ కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి, వెళ్ళాక వాంతి ఎలా అయిందో కూడా చెప్పండి.